వెనక్కి నడిచే మనిషి

వెనక్కి నడవడం అతనికి ముందుకు నడవడం కన్నా బాగా వచ్చు. రంగు బండి రోడ్డు మీద గీత వేసుకుంటూ ముందుకు పోతుంటే, దానికి వీపు పెట్టి, వచ్చే బళ్లకు ఎదురుగా ఎర్రజెండా ఊపుతూ అతను వెనక్కి వెనక్కి అడుగులేస్తుంటాడు. ఇన్నేళ్లలో ఎన్ని గీతలకు కాపలా కాశాడో! ఒక్కటీ గీస్తుండగా చూడలేదు. అందరూ అతన్ని జెండా అనే పిలుస్తారు. అసలు పేరు జీతమిచ్చేవాడికైనా గుర్తుందో లేదో.

బండి తోసేది అల్లుడు. గీత వంకర పోకూడదంటే వాడు తలెత్తకూడదు. వాడి ప్రాణం మామ కళ్లలో ఉందన్నమాట. పొద్దున బయల్దేరుతుంటే కూతురు గుమ్మం దాకా వచ్చి, "నాన్నా, ఆయన తలెత్తరు. నువ్వే చూసుకోవాలి," అంది. రోజూ అనే మాటే.

వేస్తున్నది సైకిళ్ల దారి. రద్దీ తగ్గాలంటే జనం సైకిలెక్కాలని పెద్దలు తీర్మానించారు. మంచి మాటే. ఇల్లలకగానే పండగైనట్టు, గీత గీస్తే చాలు సైకిళ్లు వాటంతటవే వస్తాయని వాళ్ల నమ్మకం. సాయంత్రానికే పూర్తి చేయమన్నారు. పట్టపగలు ఎర్ర కోన్లు అడ్డం పెట్టి రోడ్డు సగం మూసేసరికి తగ్గాల్సిన రద్దీ రెట్టింపైంది. ఒక కారాయన అద్దం దించి, "సైకిలెక్కేది నలుగురు, చచ్చేది మేమందరం!" అని అరిచాడు. ఆ నలుగురిలో జెండా ఒకడు. తను వచ్చింది సైకిలు మీదే మరి.

మధ్యాహ్నం ఇంజినీరు దిగాడు. పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు, మనిషి చెమటలు కక్కుతున్నాడు.

"కోన్లు లోపలికి జరుపు. ఇంకో వరస బళ్లు పోవాలి."

"జరిపితే మధ్యలో మనిషి పట్టడు సార్."

"నువ్వు పడతావులే, పుల్లలా ఉన్నావు."

అందరూ నవ్వారు. అతనూ నవ్వి కోన్లు జరిపాడు. ఎదురు చెప్పడం ఏనాడూ చేతకాలేదు.

ఇప్పుడు బళ్లు మోచేతిని రాసుకుంటూ పోతున్నాయి. వాటి గాలికి జెండా కర్రకు చుట్టుకుపోతోంది. అతనికి భయం వేసింది, తన గురించి కాదు.

"అల్లుడూ, కాస్త ఆపుతావా?"

"ఈ ముక్క అయిపోనీ మావయ్యా. మధ్యలో ఆపితే అతుకు కనపడుద్ది."

బస్సు చాటున వస్తున్న లారీ ఒకటి, సందు దొరికిందే చాలని వరస మారింది. జెండా చూశాడు. కాలిబాట అడుగు దూరమే, దూకడానికి చోటుంది. తను దూకితే లారీకి ఎదురుగా మిగిలేది అల్లుడి వీపు. అతను దూకలేదు. ఈల నోట్లో పెట్టుకుని ఊపిరంతా ఊదుతూ, రెండు చేతులూ చాపి, లారీకి ఎదురు నడిచాడు.

లారీ కోన్లను తొక్కుకుంటూ ఒక పక్కకు ఒరిగి ఆగింది. అల్లుడి దాకా రాలేదు. మామ ఈల రోజూ వినేదే, హారన్లూ రోజూ వినేవే. వాడు తలెత్తలేదు. ముక్క పూర్తిచేసి, నడుం పట్టుకుని నిటారుగా నిలబడి, "చూడు మావయ్యా, ఎక్కడన్నా అతుకుందా?" అంటూ వెనక్కి తిరిగాడు.

లారీ ముందు జనం మూగి ఉన్నారు. వాళ్ల కాళ్ల సందుల్లోంచి, ఎర్రజెండా పట్టుకుని కదలకుండా ఉన్న చెయ్యి కనిపించింది. వాళ్ల పక్కనుంచి బళ్లు నెమ్మదిగా పోతూనే ఉన్నాయి.

కాలిబాట అంచున, నీడ చూసి పెట్టిన నీళ్ల సీసా ఒకటి ఉంది. మామ సగం తాగి, తక్కిన సగం అల్లుడికని మూత బిగించి, చల్లదనం పోకుండా చుట్టిన గుడ్డ ఇంకా తడిగానే ఉంది.