ఎవరికైనా సరిపోయే రక్తం

వరహాలమ్మ చేపల పులుసులోకి చింతపండు పిసుకుతుంటే జయరావు వంటింటి గుమ్మంలో నిలబడి చెప్పాడు. "రేపు ఆస్పత్రికెల్లి రగతం ఇచ్చేసి రా. మా ఇన్‌స్పెక్టర్ గారి బావమరిదికి ఆపరేషను. మాటిచ్చేసాను."

ఉద్యోగం మీద హిందీ మాట్లాడే ఊరు కిరండూల్‌లోని రైల్వే క్వార్టర్లకు వచ్చినప్పటి నుంచీ అతను ఇలా మాటలిస్తూనే ఉన్నాడు. ఎవరికి అవసరం పడినా "మా ఇంటిది ఓ నెగెటివ్ అండీ, ఎవుళికైనా సరిపోద్ది" అంటాడు, పక్కింటికి కరివేపాకు రెబ్బ పంపినంత తేలిగ్గా. రక్తం ఆమెది, దండాలు అతనికి. మిఠాయి పెట్టె కూడా అతని చేతికే. సూది గుచ్చిన చేత్తోనే ఆమె వచ్చి బియ్యం కడుగుతుంటే, "రగతం మల్లీ ఊరతాది గానీ కూడు దానంతటది ఉడకదు కదమ్మా" అనేది అత్తగారు గురమ్మ. నిజమే కదా అనుకునేది వరహాలమ్మ.

మొన్న డాక్టరమ్మ ఆమె అండాశయంలో గడ్డ ఉందని, వచ్చే నెల తీసేయాలని చెప్పింది. "మీ ఎర్రకణాల మీద ఏ, బీ, ఆర్‌హెచ్ గుర్తులేవీ లేవు. అందుకే అవి ఎవరి ఒంట్లోకి వెళ్ళినా పరాయివని తెలియదు. ఆ గుర్తులున్న రక్తం మీకెక్కితే మాత్రం మీ ఒళ్ళు తిరగబడుతుంది. ఇక్కడ మీ గ్రూపు ఇంకొకరు లేరు. మీ రక్తమే ముందుగా తీసి దాచుదాం. ఎవరికీ ఇవ్వకండి" అంది. ఆవిడే ఆ మాట జయరావుకీ చెప్పింది.

"డాక్టరమ్మ వద్దన్నాది గదా?" అంది వరహాలమ్మ, చింతపండు పిసుకుతూనే.

"నీ ఆపరేషను కొన్నాళ్ళు ఎనక్కి జరిపితే ఏటవుద్ది?"

"ఆయనది ఏ గ్రూపు?"

"బీ పాజిటివ్. అలాంటోళ్ళు ఈ క్వార్టర్లలో బోలెడుమంది. ఆళ్ళనెవుళు బతిమాలతారు? నువ్వయితే సెప్తే ఎల్తావు."

ఆమెకు కోపం రావాలి, రాలేదు. ఇన్నేళ్ళ కాపురంలో తనేమిటో ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. మంట తగ్గించి, ముక్క విరగకుండా పులుసు దించి, అందరికీ వడ్డించింది.

మర్నాడు ఆస్పత్రిలో మంచం మీద పడుకుని పిడికిలి బిగించింది. సంచీ నిండాక, రక్తం తీసే మంగ్లూ దాని మీద అంటించే చీటీ చేతిలో పట్టుకుని, పేరు చెప్పమన్నాడు.

"వరహాలమ్మ."

"మీ పేరు కాదు దీదీ, ఎక్కించుకునే మనిషి పేరు" అన్నాడు హిందీలో.

"అదే రాయి, భయ్యా" అంది ఆమె, అదే భాషలో. "ఎక్కించుకునేది నేనే."