సూదాయన వేళ్లు

పచ్చికలో పోయిన వస్తువులు వెతికిపెట్టే ఆయన్ని అందరూ సూదాయన అనేవారు. మెటల్ డిటెక్టర్ ఎవరైనా కొనుక్కోవచ్చు. అది కూస్తుంది, అంతే. కూసిన చోట సూదిలాంటి జానెడు చువ్వ దించి, కింద తగిలింది రాయా, వేరా, లోహమా అని వేళ్లతో తేల్చుకోవడమే అసలు విద్య. నగకి గీత పడకూడదని చువ్వ మొన కూడా గుండ్రంగా అరగదీసుకున్నాడు.

ఆ విద్య ఆయన్ని వదిలి ఆర్నెల్లయింది. షుగరు పుణ్యమా అని వేళ్లు మొద్దుబారాయి. ఇంట్లో చెప్పలేదు. చెబితే భార్య పని మానిపిస్తుంది. మానేస్తే ఇక తనెవరు? ఈమధ్య వదలని అలసట ఒంటిదో మనసుదో ఆయనకే తెలియడం లేదు.

ఈసారి ఒక బంగళా వాళ్లు పిలిచారు. పోయింది ఆ ఇంటావిడ బంగారు దుద్దు. చూసుకునేలోపే పచ్చిక మీద రోలర్ తిప్పేశారట, అది మట్టిలోకి దిగిపోయింది.

"గుప్పెడంత గుంట, అదీ ఒక్కటే. రెండోది తవ్వితే మీ పని అక్కడికి ఆఖరు," అని చెప్పి ఆవిడ వరండాలో కూర్చుంది.

మిషన్ పళ్లెమంత మేర కూస్తోంది. సూదాయన ఎండలో మోకాళ్ల మీద కూర్చుని పదిసార్లు గుచ్చాడు. ఒక్కటీ తెలియలేదు. విసుగొచ్చి, దేవుడి మీద భారం వేసి చాకు తీశాడు.

మట్టి పొయ్యడానికి గుడ్డ పరుస్తున్న భార్య ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఆగండి. చువ్వ ఇటివ్వండి."

"నీకేం తెలుసే?"

"ముప్పయ్యేళ్లుగా మీ పక్కన గుడ్డ పరిచింది ఊరికేనా?" గొంతు తగ్గించింది. "పొద్దున్నే చొక్కా గుండీలు నా చేతే పెట్టించుకుంటున్నారు. నాకు కళ్లు లేవనుకున్నారా?"

ఆయనకి సిగ్గేసింది. సిగ్గుకన్నా ఎక్కువగా, మోస్తున్న బరువు దిగినట్టయింది.

ఆమె మెల్లగా గుచ్చింది. నాలుగోసారి ఆగింది. "ఇక్కడ."

ఆయన గుండ్రంగా కోసి గడ్డి పెళ్ల ఎత్తాడు. గడ్డి వేర్ల మధ్య దుద్దు తళుక్కుమంది. ఇంటావిడ వచ్చేలోపు భార్య చువ్వని తిరిగి ఆయన చేతిలో పెట్టేసింది.

"ఎంత నేర్పున్న చెయ్యండీ మీది!" అంది ఇంటావిడ.

ఊరుకోమని భార్య కళ్లతోనే చెప్పింది. ఆయన ఊరుకోలేదు.

"నాది కాదమ్మా. మా ఆవిడది."

గడ్డి పెళ్లని మళ్లీ అక్కడే అదిమి పెట్టి, లేవలేక చెయ్యి చాచాడు. భార్య పట్టుకుని పైకి లాగింది. ఆమె పట్టు ఆయన వేళ్లకి తెలియలేదు. అయినా గేటు దాటేదాకా ఆయన ఆ చెయ్యి వదల్లేదు.