ఎంచని మంద

మార్చి పద్నాలుగు, శుక్రవారం, ఉదయం ఏడుంబావు. కుళ్లాయప్ప సంతకం పెట్టనన్నాడు.

కాగితం పవిత్ర చేతిలోనే ఉంది. ఆమె హిందూపురంలో ఎం.సి.ఏ. చివరి సెమిస్టరు చదువుతోంది. పెనుకొండకు ఐదు మైళ్ల దూరంలో ఉన్న పెదనాయన కుళ్లాయప్ప మంద కోసం ఒక సిస్టమ్ తయారుచేసింది. దొడ్డి వాకిలికి కట్టిన ఫోను, వచ్చే పోయే గొర్రెలను కెమెరాతో ఎంచి తెరమీద అంకె వేస్తుంది. దాని మీద నూటపన్నెండు పేజీల రిపోర్టు రాసింది. వాడబోయే మనిషి ‘నాకు పనికొస్తుంది’ అని సంతకం చేసిన ఫారం తెస్తేనే వైవాకు రానిస్తానని గైడు గంగాధరప్ప ముందే చెప్పాడు. వైవా మధ్యాహ్నం రెండింటికి. తప్పితే మళ్లీ ఆరు నెలలకు.

కుళ్లాయప్ప తెర చూశాడు. మొత్తం గొర్రెలు: 84.

“ఎవరెంచినారు?”

“నిన్న సాయంత్రం ఫోనే ఎంచింది, పెదనాయనా.”

“నలభై ఏండ్లుగా నేనే ఎంచలేదు. దానికేం పని?”

ఎంచితే మంద తరుగుతుందని వాళ్ల ఇంట్లో నమ్మకం. ఆ అంకె తీసేస్తే సంతకం పెడతానన్నాడు. తీసేస్తే రిపోర్టులో నలభై పేజీలు దండగవుతాయని పవిత్ర చెప్పింది. దండగెందుకు, గొర్రెలకు వేస్తే మేస్తాయిలే అన్నాడు. పవిత్ర గంగాధరప్పకు ఫోన్ చేసింది. యూజరు మాటే చివరి మాటని మూడో యూనిట్‌లో చెప్పాను కదా అని ఆయన పెట్టేశాడు.

ఇక అంకె అవసరమేమిటో పెదనాయనకు రుజువు చేయాలి. పెద్దమ్మ రత్నమ్మతో మాట్లాడి, ఒక గొర్రెను ఇంటి వెనక కట్టేయించింది. రత్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆ పని చేసింది.

ఎనిమిదింటికి కుళ్లాయప్ప దొడ్డి తడిక తీశాడు. గొర్రెలన్నీ బయటికి నడిచాయి. తెరమీద 83 పడింది. పవిత్ర అనుకున్న అంకె అదే.

“అన్నీ వచ్చినాయా, పెదనాయనా?”

కుళ్లాయప్ప బీడీ ముట్టించుకున్నాడు. “రెండు రాలేదు.”

ఒకటేనని పవిత్ర ఫోన్ చూపించింది. ఆయన ఫోన్ వైపు చూడలేదు.

“తెల్లచెవిదాన్ని మీ పెద్దమ్మ ఇంటెనక కట్టేసుండాది. అరుస్తాంది, నీకు ఇనపళ్లేదా? ఇంగోటి కుంటిదాని బిడ్డ. అది రాత్రి చెన్నకేశవులు మందలో పండుకుంది. వాళ్ల పొట్టిగొర్రె మన మందలోకి వచ్చింది.” కర్ర చాచాడు. “అదో. అది మనది కాదు.”

నీళ్ల తొట్టి దగ్గర రెండు మందలూ కలిశాయని, పొరుగు చెన్నకేశవులుతో నిన్న రాత్రే మాట్లాడానని, సాయంత్రం మార్చుకుంటామని చెప్పాడు.

“ఇప్పుడు నువ్వు ఎంచినావు కదా, పెదనాయనా. రెండంటివి.”

“లేనివాటిని ఎంచచ్చు. ఉన్నవాటినే ఎంచకూడదు.”

పవిత్ర ఆ మాట నోట్‌బుక్కులో రాసుకుంది. యూజరు అవసరాలు అని శీర్షిక పెట్టి మూడు నెలలైనా ఖాళీగానే ఉన్న పేజీ అది. అప్పటికప్పుడే పెదనాయన చూస్తుండగా తెరమీది అంకె తీసేసింది.

కుళ్లాయప్ప పెన్ను అందుకున్నాడు. ఫారంలో చివరి గడి ఏమిటని అడిగాడు. నమోదైన రికార్డుల సంఖ్య అని పవిత్ర చదివింది. పెన్ను కింద పెట్టాడు.

“అన్నీ అని రాయి.”

రాసింది. ఆయన సంతకం పెట్టాడు.

పెనుకొండ నుంచి హిందూపురం బస్సులో ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని మిగతాది మార్చి, రత్నమ్మ ఫోనుకు పంపింది. కెమెరాకు నేర్పడానికి తీసిన గొర్రెల ఫోటోలు ఉండనే ఉన్నాయి. సాయంత్రం మంద తోలినవాళ్లు, రాని గొర్రె ఫోటో మీద వేలు పెడితే చాలు. అది ‘రానివి’ కింద పడుతుంది. కాలేజీ ఎదుట జిరాక్సు షాపులో నలభై పేజీలు పీకించి, స్పైరల్ మళ్లీ వేయించింది.

వైవాకు బయటి నుంచి వచ్చిన పరీక్షకురాలు కమలాక్షి ఫారం చూసి, డేటాబేస్‌లో ఎన్ని రికార్డులున్నాయని అడిగింది. చెప్పకూడదన్నది యూజరు షరతని పవిత్ర చెప్పింది. గంగాధరప్ప కిటికీ వైపు తిరిగాడు.

“గొర్రెలా?” అంది కమలాక్షి.

“అవును మేడం.”

“మా అత్తగారింట్లోనూ ఎంచరు,” అని పేజీ తిప్పింది.

మూడు నలభైకి ఫలితం చెప్పారు. పవిత్ర పాసైంది.

సాయంత్రం ఆరున్నరకు రత్నమ్మ మొదటి రిపోర్టు పంపింది. ‘రానివి’ కింద ఫోటో ఒక్కటీ లేదు, కుంటిదాని బిడ్డది కూడా.