ఆది చొక్కా

గ్రంథాలయంలో పుస్తకాలిచ్చే కౌంటరు దగ్గర పదమూడేళ్ళుగా పనిచేస్తున్న ఆమె, ఐదు నెలల సెలవు తర్వాత సోమవారం తిరిగి చేరాలి. అందుకని కుట్టించుకున్న కొత్త చొక్కా తొడుక్కుని అద్దం ముందు నిలబడింది. కుడివైపు చక్కగా అమరింది. ఎడమవైపు గుడ్డ ముడతలు పడి లోపలికి కుంగింది. ఆపరేషన్‌లో ఆ రొమ్ము తీసేశారు.

తప్పు దర్జీది కాదు. కొలతలకు వెళ్ళడానికి సిగ్గుపడి, ఆదికని పాత చొక్కా ఒకటి పక్కింటావిడ చేత పంపింది. దర్జీ దాని ప్రకారమే కుట్టింది.

లోపల చేతిరుమాళ్ళు కుక్కుకుంది. నాలుగడుగులు వేసేసరికి అవి చంక కిందికి జారాయి.

"బాగానే ఉందిలే," అన్నాడు భర్త, పేపరులోంచి తలెత్తకుండా. చెడ్డవాడు కాదు. వేళకు మందులిచ్చాడు, వంట చేశాడు. ఆమె నొచ్చుకుంటుందేమోనని పక్కగదిలోకి మారాడు. చూడవచ్చిన ఆడపడుచు కూడా గోడగడియారం వైపే చూస్తూ మాట్లాడి వెళ్ళింది. ఇంతమంది మర్యాద మధ్య ఆమె ఒంటరిదైపోయింది. కౌంటరు వదిలేసి, ఎవరికీ కనబడకుండా లోపలి గదిలో అట్టలు వేసే పని అడుగుదామనుకుంది.

ముందు చొక్కా సంగతి చూద్దామని వీధి చివర దర్జీ దగ్గరికి వెళ్ళింది. ఆవిడను అందరూ పిన్ని అంటారు.

"ఎప్పటిదో ఆది పంపితే నేనేం చెయ్యనమ్మాయ్? మా ఆయనా ఇంతే. పొట్ట పెరిగిందని ఒప్పుకోడు, ప్యాంటే కుంచించుకుపోయిందంటాడు."

ఆమెకు నవ్వొచ్చింది. వెంటనే ఏడుపూ వచ్చింది. "ఎడంవైపు తీసేశారు పిన్నీ."

పిన్ని తెర లాగింది. టేపు కొసనున్న రేకు చల్లగా తగలకుండా కాసేపు అరచేతిలో వెచ్చబరిచింది.

"నొప్పుందా?"

"లేదు. కాస్త తిమ్మిరి."

టేపు మచ్చ మీదుగా నెమ్మదిగా సాగింది. ఆసుపత్రివాళ్ళు తప్ప ఇన్నాళ్ళలో అక్కడ చెయ్యి వేసింది ఆవిడే.

"లోపల జేబు కుట్టి, జారకుండా మెత్త పెట్టమంటావా? ఉన్నదున్నట్టు కుట్టమంటావా? ఎలాగైనా బాగుంటుంది. నీ ఇష్టం."

ఆ మాట ఇంతవరకు ఎవరూ అడగలేదు. ఆమె రెండు చేతులూ ముందుకు చాచి చూసుకుంది.

"ఉన్నట్టే కుట్టు పిన్నీ. రోజంతా చేతులు చాచి పుస్తకాలందుకోవాలి. హాయిగా ఉంటే చాలు."

ఆదివారం సాయంత్రం పిన్ని సరిచేసిన చొక్కాతో భర్త ఎదుట నిలబడింది. "రేపు కౌంటర్లోనే కూర్చుంటాను. ఒకసారి ఇటు చూడండి."

ఆయన పేపరు పక్కన పెట్టి చూశాడు. "చూస్తే బాధపడతావనుకున్నాను."

"చూడకపోతేనే బాధేసింది."

మన ఇళ్ళలో శరీరం మారినవారు ఎందరో ఉన్నారు. దయచేసి వారి ముందు చూపు తిప్పుకోకండి. ఏం కావాలో వారినే అడగండి.