భోజనాల బల్ల మీద చందుర్తి

నేను గుమ్మంలో వేసే ఒక కాళ్ళపట్టాని. కాదు, మొక్కజొన్న చేనుని అంటాడు ముక్తేశ్వరరావు. దీని మీద మొగుడికీ పెళ్ళానికీ వాదన మొదలై అప్పటికి నాలుగు రోజులైంది.

"చేనైతే సగం గుమ్మంలో ఎందుకుందండీ?" అంది తాయారు, బల్ల మీద చారుగిన్నె పెట్టడానికి చోటు దొరక్క చేత్తో పట్టుకునే.

"నా యుద్ధానికి సగం చాలు."

"నా గుమ్మానికి చాలదు. వచ్చినవాళ్ళు ఒక్క కాలే తుడుచుకోవాలా?"

కూతురు సుమిత్ర ఒళ్ళో కంచం పెట్టుకుని నవ్వు ఆపుకుంది. అత్తగారు చిట్టెమ్మ మంచం మీంచే అందుకుంది. "ఆ చేను పండేదెప్పుడు, మనం బల్ల మీద తినేదెప్పుడు!"

నాలుగు రోజుల కిందట, తాయారు కూరలకి వెళ్ళిన అరగంటలో జరిగిపోయింది. ముక్తేశ్వరరావు కత్తి తెచ్చి నన్ను సగానికి కోసి, ఆ సగాన్ని మళ్ళీ మూడు ముక్కలు చేశాడు. అంబాజీపేటలో కొబ్బరిపీచు పేని నన్ను నేసిన ఆడవాళ్ళు, బురద గీకాలని నా కుచ్చులు నిటారుగా నిలబడేలా కత్తిరించారు. ఆ నిలబడడమే నా కొంప ముంచింది. బొమ్మ సిపాయి పక్కన పెడితే అచ్చం తలెత్తు పంటలా ఉన్నానట.

సిపాయిలంటే సీసంతో పోసినవాళ్ళు, వేలెడేసి మనుషులు. మొత్తం రెండువందల పన్నెండు మంది. ఒక్కొక్కడికీ తొంభై ఏళ్ళు దాటాయి. ముక్తేశ్వరరావు రేవు ఆఫీసులో ఉద్యోగం చేసినన్నాళ్ళూ వాళ్ళని పోగుచేశాడు. కలకత్తాలో మూసేస్తున్న బొమ్మల కొట్లో కొందరు, ఊటీలో వేలానికొచ్చిన బంగళా సామాన్లలో కొందరు. రంగు ఊడినా మళ్ళీ వెయ్యడు, పాత రంగుకే విలువట. పాతబడ్డకొద్దీ విలువ పెరిగేది ఈ ఇంట్లో సీసానికొక్కదానికే అని తాయారు అంటూంటుంది.

బల్ల మీద జరిగేది చందుర్తి యుద్ధం. మన గోదావరి జిల్లా నేల మీద ఇంగ్లీషువాళ్ళూ ఫ్రెంచివాళ్ళూ కొట్టుకున్నది. ఇంగ్లీషు దళం చేను వెనక నక్కింది. ఇంగ్లీషువాళ్ళ కొలువులో ఎర్రకోట్లు తొడుక్కున్న మన సిపాయిల్ని చూసి వీళ్ళే దొరలనుకుని ఫ్రెంచివాళ్ళు మీదపడ్డారు. చేను వెనకనించి అసలు దొరలు లేచారు.

ఆ చేనుని నేను. గుమ్మంలో ఉన్నప్పుడు పాదం పడగానే ఎవరొచ్చారో తెలిసిపోయేది. ఇక్కడ ముప్ఫైమందిని వెనకేసుకుని కాచుకు కూచుంటే ఎవరూ రారు. అక్కడి సగం తొక్కుళ్ళు తింటూంటుంది, ఇక్కడి సగానికి ఎదురుచూపు. ఒక్క ఒంట్లో ఇన్ని అవస్థలు మనుషులైతే పడలేరు.

ఎవరూ ఎందుకు రారంటే, ఆడేవాడు ఒక్కడే. బల్లకి అటు నించుంటే ఫ్రెంచివాడు, ఇటొస్తే ఇంగ్లీషువాడు. పాచిక వేస్తాడు, స్కేలుతో దూరం కొలుస్తాడు, ఫ్రెంచి నాయకుణ్ణి ఎత్తుతాడు. నా దగ్గరికి రాగానే చెయ్యి ఆగిపోతుంది. వెనక ఎవరున్నారో ఆ చేతికి తెలుసు. నాలుగు రోజుల్లో ఏడుసార్లు ఆగింది.

ఎనిమిదోసారి నాయకుణ్ణి కింద పెట్టేసి, అందర్నీ అమ్మేస్తానని సికింద్రాబాదు ఫోన్ చేశాడు. అక్కడ ఇలాంటివి సేకరించే పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. "ఆదివారం వచ్చి సిపాయిలందర్నీ పట్టుకెళతాను, చేనూ గీనూ వద్దు," అన్నాడాయన. ఆ పూట ముక్తేశ్వరరావు పెరుగన్నం దాకా రాకుండానే లేచాడు. తాయారు ఆ కంచం వైపు చూసింది.

శనివారం మధ్యాహ్నం ఆఖరిసారి అని మళ్ళీ బారులు తీర్చాడు. తాయారు బల్ల అంచు తుడుస్తూ ఆగింది.

"ఎంతసేపలా గాల్లో పట్టుకుంటారండీ వాణ్ణి? దింపండి."

"అటు వెళ్తే చస్తాడు."

"ఆ సంగతి మీకు తెలుసు. వాడికేం తెలుసు?" కాసేపు చేల వైపు చూసింది. "నేను అటు తిరుగుతాను. మూడు ముక్కల్లో ఎక్కడ దాస్తారో దాచండి."

తాయారు క్యాలెండరు వైపు తిరిగి నించుంది. ముక్తేశ్వరరావు ఇంగ్లీషువాళ్ళ వైపుకి వచ్చాడు. దొరలు నా ఒక ముక్క వెనకనించి ఇంకో ముక్క వెనక్కి మారారు. ఎక్కడున్నారో నాకు తెలుసు, చెప్పే నోరే లేదు.

"ఈయన ఏది దాచినా బీరువా వెనకే," అనుకుంటూ ఆవిడ బీరువా వైపున్న చివరి చేను వదిలి, నడిమి చేను పక్కనించి ధీమాగా నడిపించింది ఫ్రెంచివాళ్ళని. నడిమి చేను వెనకనించి ముప్ఫైమంది లేచారు. మూడు పాచికలయ్యేసరికి ఆవిడ సైన్యంలో సగం నేలకొరిగింది.

"మోసం!"

"యుద్ధం," అన్నాడు ముక్తేశ్వరరావు. నవ్వుతూ, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

తాయారు నవ్వలేదు. పడ్డవాళ్ళని ఒక్కొక్కణ్ణీ లేపి, కొంగుతో దుమ్ము తుడిచి, వరసలో నిలబెట్టింది. ఒకణ్ణి వెలుతురుకి ఎత్తి, రంగు ఊడిన మొహంలోకి చాలాసేపు చూసింది.

సాయంత్రం కాఫీ గ్లాసులు అందరికీ అందాయి. చిట్టెమ్మ మంచం మీద, సుమిత్ర మెట్ల మీద, ముక్తేశ్వరరావు ఫోను పక్కన. తాయారు తన గ్లాసులో కాఫీ చల్లార్చుకుంటూ, గొంతు పెంచకుండా చెప్పింది.

"రేపు రావద్దని ఆ సికింద్రాబాదాయనకి చెప్పెయ్యండి. ఇకనించి భోజనాలు కిందే. ఫ్రెంచివాళ్ళు నావాళ్ళు."