మా మామ మొహం ఉన్న ఇళ్ళు

మా ధర్మలింగం మామ మద్రాసు జార్జి టౌన్‌లో ఒక మిరపకాయల మండీలో కాటా వేసేవాడు. ఏళ్ళ తరబడి ఆ ఘాటులో ఉండి ఆయన కళ్ళు ఎర్రబడిపోయాయి. చూసినవాళ్ళకు ఇప్పుడో ఇంకాసేపటికో ఎవరినో నరకబోతున్నాడనిపించేది. దానికి తోడు చెంపల దాకా మీసం. నిజానికి ఆయన బల్లిని కూడా అదిలించలేడు. ఇంట్లో బల్లి కనిపిస్తే అత్తను పిలిచేవాడు.

తొండియార్‌పేటలో వాళ్ళ పక్కింటి చెంగల్రాయుడు దిష్టిబొమ్మలు చేసేవాడు. కాగితం గుజ్జుతో మొహాలు అచ్చుపోసి, రంగులు వేసి, కొత్త ఇళ్ళకు కట్టుకునేవాళ్ళకు అమ్మేవాడు. తొంభై మూడులో ఆయన పాత అచ్చు పగిలిపోయింది. కొత్త అచ్చుకు మొహం వెతుకుతూ, కుళాయి దగ్గర బిందె పట్టుకుని నిలబడ్డ మామను చూశాడు.

"ఒక గంట కూర్చో అన్నా. మొహం మాత్రం మార్చబాక" అన్నాడు.

మామ కూర్చున్నాడు. కాదనడం ఆయనకు చేతకాదు.

ఆ తర్వాత ఉత్తర మద్రాసులో ఇల్లు కట్టినవాళ్ళంతా మామను కొనుక్కున్నారు. ఎన్నూరు దాకా లారీలు పోయే రోడ్డు పక్కన, సగం లేచిన ప్రతి గోడ మీదా మామ నాలుక బయటపెట్టి వేలాడాడు. నేను టైపు నేర్చుకోవడానికి సూళ్ళూరుపేట పక్కన మా ఊరి నుంచి వచ్చి అత్త ఇంట్లో ఉన్నది ఆ రోజుల్లోనే. మామను చూసి చాలా ఏళ్ళయినా, దారి పొడుగునా చూస్తూ వచ్చాను గనుక ఇంటికి చేరేసరికి కొత్త అనిపించలేదు.

టీ కొట్టువాడు ఆయన దగ్గర డబ్బు తీసుకునేవాడు కాదు. రేషన్ క్యూలో అందరూ ఆయన్ను ముందుకు పంపేవాళ్ళు. ఆ కళ్ళు తమ వీపు మీద ఉండటం ఎవరికీ ఇష్టం లేదు. స్కూటరు కొన్నవాళ్ళు, టీవీ కొన్నవాళ్ళు వచ్చి "ఒక్క నిమిషం దాని పక్కన నిలబడన్నా" అని తీసుకుపోయేవాళ్ళు. "నాలిక్కూడా" అని గుర్తుచేసేవాళ్ళు. పెళ్ళి పిలుపులకు లెక్కే లేదు. కానీ కుర్చీ ఎప్పుడూ గేటు దగ్గరే వేసేవాళ్ళు. విస్తరి కూడా అక్కడికే వచ్చేది. మామ కడుపు నిండా తిన్నాడు గానీ, అన్ని పెళ్ళిళ్ళలో ఒక్క పెళ్ళికూతురినీ చూడలేదు.

దాన్ని కూడా ఆయన పట్టించుకోలేదు, కూతురు వాసంతికి ఆడపిల్ల పుట్టేదాకా.

వాసంతి అత్తగారు అమ్మాసిది ఎన్నూరు. కోడలి కాన్పు తమ దగ్గరే చేయించింది. ఆసుపత్రికి మామను రావద్దంది.

"ఊరి దిష్టంతా లాక్కునేది అన్న మొహమే గదా" అని అమ్మాసి మా అత్తకు వివరించింది. "లాక్కున్నది యాడికి పోతాది? లోపలే ఉంటాది. పసిబిడ్డను ఆ చేతుల్లో ఎట్ట పెట్టేది?"

అత్త ఇంటికొచ్చి ఆ మాటే మామకు చెప్పింది. ఆయన తన అరచేతులు తిప్పి తిప్పి చూసుకున్నాడు.

ఉయ్యాల వేడుకకు మాత్రం కబురు వచ్చింది. అన్నకు గేటు కాడ మంచి కుర్చీ వేయిస్తామని అమ్మాసి మర్యాదగానే చెప్పి పంపింది.

"పోబాక" అంది అత్త.

"బిడ్డను ఎత్తుకోవల్ల మే" అన్నాడు మామ.

వేడుక రోజు అత్తా నేనూ ముందు వెళ్ళాం. మామ మండీ నుంచి నేరుగా వస్తానన్నాడు. అమ్మాసి ఇంటి గేటుకు చెంగల్రాయుడి బొమ్మ కట్టి ఉంది. దాని కింద కుర్చీ ఖాళీగా ఉంది. మధ్యాహ్నం ఎవరో ఒకాయన ఆ కుర్చీని దాటుకుని వసారాలోకి వచ్చాడు. ఆయన పైపెదవి కొబ్బరి ముక్కలా తెల్లగా ఉంది.

"ఎవురు కావల్ల?" అంది మా అత్త.

"నేనే మే."

అత్త చేతిలో పసుపు గిన్నె కింద పెట్టి తనూ కూర్చుండిపోయింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె ఆ పెదవిని చూడలేదు.

అమ్మాసి నమ్మలేదు. "అన్నకు మీసం ఉండాది గదా" అంటూ ఆయన్ను గేటు దగ్గరికి తీసుకుపోయి బొమ్మ పక్కన నిలబెట్టింది. చుట్టాలంతా వచ్చి ఆ మొహాన్నీ ఈ మొహాన్నీ మార్చి మార్చి చూశారు. నాలుక పెట్టమన్నారు. మామ పెట్టాడు. అమ్మాసి తమ్ముడు సుబ్బన్ బాగా పరీక్షించి తేల్చేశాడు.

"రెంటిలో బొమ్మే ధర్మలింగం మాదిరి ఉండాది. ఈయన గాదు."

చాలామంది ఆమా, అవునన్నారు. అత్త అడ్డు చెప్పబోయింది.

"నువ్వే గదక్కా, ఎవురు కావల్లని అడిగింది" అన్నాడు సుబ్బన్.

ఈ గోలకు వాసంతి బిడ్డనెత్తుకుని బయటకు వచ్చింది. ఒక్క చూపు చూసి, "ఏంది నాయనా, మీసం ఎందుకు తీసేస్తివి?" అంది.

కూతురే గుర్తుపట్టాక సుబ్బన్ వెనక్కు తగ్గాడు. మామ చేతులు చాచాడు. అమ్మాసి మధ్యకు వచ్చి నిలబడింది.

"మనిషివి నువ్వే, సరి అన్నా. లోపలుండే దిష్టి?"

మామ తన పైపెదవి తడుముకున్నాడు.

"మీసంతో పాయ" అన్నాడు.

"యాడ పాయ?"

"సెలూన్లో. కింద పడిపాయ. నేను చూస్తి."

"ఏ సెలూను?"

"మా వీధి చివర, ఆనందన్‌ది."

అమ్మాసి చుట్టాల వైపు తిరిగి, "మనోళ్ళు ఎవురూ ఆ సెలూనుకు పోబాకండి" అని హెచ్చరించింది. తర్వాత పక్కకు జరిగింది.

వాసంతి బిడ్డను మామ చేతుల్లో పెట్టింది. ఆయన మోచేతులు బిగించి, ఊపిరి కూడా నెమ్మదిగా వదులుతూ నిలబడ్డాడు. అంతమంది చుట్టూ చేరినా ఎవరూ ఆయన వైపు చూడలేదు. అందరూ బిడ్డ ముక్కు ఎవరిదని వాదించుకుంటున్నారు. ఆ వాదనలో మామ కూడా ఒక మాట వేశాడు. ఎవరూ వినిపించుకోలేదు. అయినా ఇంకోసారి చెప్పాడు.

వాదన సద్దుమణిగాక అమ్మాసి దగ్గరికి వచ్చింది.

"అన్నా, మీసం ఎన్నాళ్ళకు వస్తాది? మేడ మీద ఇంకో రూము ఎత్తాలనుకుంటా ఉండాం."

"బిడ్డకు నడకొచ్చినంక చూస్తాం" అన్నాడు మామ, బిడ్డ లేవకుండా గొంతు తగ్గించి.

అమ్మాసి గేటు వైపు ఒకసారి చూసుకుంది. "సరి. అందాకా బొమ్మతోనే సర్దుకుంటాం" అంది.