గోడకి అటో స్పీకరు, ఇటో స్పీకరు

ఇంగ్లండు బ్యాండుల గురించి, అందులోనూ అరవైల నాటి బ్యాండుల గురించి, నాకు తెలిసినంత ఈ భూమ్మీద ఇంకొకడికి తెలీదు. ఇది కోత కాదు, కొలత. బీటిల్సా, రోలింగ్ స్టోన్సా, కింక్సా, హూనా, ఎవరి ఆల్బం అయినా పెట్టండి. సూది ఆనిన రెండో చుట్టుకల్లా అది ఏ వైపో, ఎన్నో పాటో చెప్పేస్తాను. డ్రమ్ము కొట్టేవాడు ఆ పూట అన్నం తిన్నాడో లేదో కూడా చెబుతాను. చదివింది ఊరి బడిలో అయిదో తరగతే. "నీకు చెవులు తప్ప ఇంకేం లేవురా" అంటూ మా మేష్టారు రెండూ కలిపి మెలేసేవారు. ఆయన మెలేసిన చెవులే నన్ను ఇంతవాణ్ణి చేశాయి.

మా మేనమామ ఓడలో వంట చేసేవాడు. ఒకసారి దిగినప్పుడు రెండు స్పీకర్లున్న రికార్డు ప్లేయరు, పంతొమ్మిది రికార్డులు మోసుకొచ్చి మా అన్నదమ్ములిద్దరికీ కలిపి ఇచ్చాడు. "ఇద్దరూ పక్కపక్కన కూర్చుని వినండి, కొట్టుకు చావకండి" అన్నాడు. రెండు మాటల్లో ఒక్కటీ నిలబెట్టలేదు మేము. ఎవరి చేత్తో విప్పాలో తేలక నాన్న పోయేదాకా ఆ పెట్టె విప్పనే లేదు.

నాన్న పోయాక ఇల్లు పంచుకున్నాం. అన్నయ్య దర్జీ, నేను తాళాలు బాగుచేసేవాణ్ణి. ఆయన కొలత తప్పడు, నేను పట్టు విడవను. అలాంటి ఇద్దరు పంచుకుంటే ఎలా ఉంటుందో చూడాలంటే మా ముందు గది చూడాలి. సరిగ్గా నడిమధ్య గోడ లేచింది. అది పోయి పోయి కిటికీ మధ్యలో తగిలింది. కిటికీ రెక్క ఒకటి ఆయనకి, ఒకటి నాకు. నా సగంలో కాళ్ళు చాపితే గోడ, చేతులు చాపితే గోడ, ఆవులిస్తే మోచెయ్యి గోడకి. ఎండ కూడా మనిషిని చూసి లోపలికి వచ్చేది.

ప్లేయరు దగ్గర పెద్దమనుషులు తల పట్టుకున్నారు. చివరికి ప్లేయరూ ఒక స్పీకరూ అన్నయ్యకి, రెండో స్పీకరు నాకు అని తేల్చారు. గోడకి వేలు దూరేంత కన్నం పెట్టి వైరు ఇటు లాగారు. రోజూ దుకాణాలు కట్టేశాక ఆరింటి నుంచి ఏడింటి దాకా ఆయన రికార్డు పెట్టాలి. ఏ రికార్డన్నది ఒకరోజు ఆయనిష్టం, ఒకరోజు నా ఇష్టం. పంపకాలయ్యాక మా ఇద్దరికీ మాటల్లేవు, అందుకని రికార్డులకి అంకెలు వేసుకున్నాం. నాకు ఏడోది కావాలంటే గోడ మీద ఏడుసార్లు కొట్టాలి. పంతొమ్మిదోది కింక్స్ వాళ్ళది. అదంటే నాకు ప్రాణం, కానీ కణుపులు వాచిపోయేవి. పదకొండేళ్ళు ఇలాగే గడిచాయి. మాట మాత్రం లేదు.

గోడలకి చెవులుంటాయంటారు. మా గోడకి నోరు కూడా ఉండేది. అదెలాగో చెబుతాను.

స్టోన్సూ, కింక్సూ, హూ వాళ్ళూ పాడతారు. నా స్పీకర్లో శుభ్రంగా వినబడేవాళ్ళు. బీటిల్స్ మాత్రం పాడరు. వాయిస్తారు, అంతే. ఆ బేసు గిటారు చూడండి, బరువు మోసేవాడు మెట్లు దిగుతున్నట్టు ఒక్కో అడుగూ ఆనించి మరీ దిగుతుంది. ఆ డ్రమ్ము ఎక్కడ ఆగాలో తెలిసిన పెద్దమనిషి. ఇంత వాయించి, పేరు సంపాదించి, నోరు విప్పకుండా ఉండటమంటే ఎంత నిగ్రహం! కాఫీ హోటల్లో కూర్చుని ఊరందరికీ చెప్పేవాణ్ణి. జనం నవ్వేవారు. పోనీలే, నాలాంటి చెవులు అందరికీ ఉంటాయా అనుకునేవాణ్ణి.

నా బాధంతా అన్నయ్యతోనే. బీటిల్స్ రికార్డు పెట్టగానే గోడవతల ఆయన పాట మొదలెట్టేవాడు. ఒక్కడే కాదు, వదిన, ఇద్దరు పిల్లలు, ఇంటిల్లిపాదీ గొంతులు కలిపేవారు. నన్ను ఏడిపించడానికే అని ఎంత తెలిసినా ఒక్కరోజన్నా శ్రుతి తప్పుతారేమోనని చెవి ఒగ్గేవాణ్ణి. తప్పేవారు కాదు. అదే మరీ మండేది.

ఒకనాడు పెరట్లో బట్టలు ఆరేస్తూ వదిన మా ఆవిడతో అందట, "మీ బావగారు ప్లేయరూ రికార్డులూ అమ్మేస్తారట. మీ వైపు మోత ఇక పడలేరట." మోతేమిటి? నేను పిల్లిలా కూర్చుని వినేవాణ్ణి. ఒళ్ళు మండి, "అమ్మనీ! నా సంతకం ఇప్పుడే కావాలా, పొద్దున్న కావాలా అని అడుగు" అన్నాను. మాట జారితే తీసుకోలేం. గోడవతలకి వినబడేలా మరీ అరిచాను.

పదిరోజుల్లో కబురొచ్చింది. పాత రికార్డులు అమ్మే షాపావిడకి కొనేవాడు దొరికాడు. మూడింటి రైల్లో వచ్చి అయిదింటి రైల్లో పోతాడు. ఆస్తి ఇద్దరిది కాబట్టి ఇద్దరూ వచ్చి సంతకం పెట్టాలి. రికార్డులు వేసుకుని ఆయన రిక్షాలో, నేను సైకిల్ మీద, ఒకే వీధి వెంట ఇద్దరం ఎవరో తెలియనట్టు వెళ్ళాం. ఆ పంతొమ్మిదీ పోతే ఆరింటి నుంచి ఏడింటి దాకా ఆ సగం గదిలో నేను దేనివైపు చూస్తూ కూర్చోవాలి? ఇది తప్ప బుర్రలో ఇంకేం లేదు. వద్దంటే మాట పోతుంది, సరేనంటే ప్రాణం పోతుంది. అడకత్తెరలో పోకచెక్కనైపోయాను.

షాపావిడ మమ్మల్ని వెనకాల గదిలో కూర్చోబెట్టింది. కొనేవాళ్ళు రికార్డు వేసుకుని వినడానికి కట్టిన గది అది. చప్పుడు బయటికి పోకుండా గోడలకి, తలుపుకి, కప్పుకి మెత్తలు కుట్టారు. ఎదురుగా రెండు స్పీకర్లు, ఇద్దరు పట్టీ పట్టనట్టు కూర్చునే సోఫా, తలుపులో పుస్తకమంత గాజు పలక. ఆ గాజులోంచి షాపు గడియారం కనబడుతుంది.

"పెద్దాయనా, చిన్నాయనా, ఒక రికార్డు పెడుతున్నాను. గీతలున్నాయో లేవో మీరే వినుకోండి. నేను స్టేషన్‌కెళ్ళి ఆయన్ని తీసుకొస్తా" అని ఒక బీటిల్స్ ఆల్బం పెట్టి, షట్టరు సగం దించి వెళ్ళిపోయింది.

నేను తలుపు గట్టిగా లాగాను. హ్యాండిలు మధ్య కమ్మీతో సహా ఊడి, కిందపడి ఎటో దొర్లిపోయింది. కమ్మీ లేకపోతే లోపలి నుంచీ తెరుచుకోదు, బయట నుంచీ తెరుచుకోదు.

పదకొండేళ్ళ తర్వాత మా అన్నయ్య నాతో అన్న మొదటి మాట: "ఏం చేశావురా?"

"నేనేం చేశాను? ఊడింది."

"ఊళ్ళో తాళాలన్నీ తీస్తావు, ఈ తలుపు తీయలేవూ?"

"సామాను సైకిల్ మీదుంది అన్నయ్యా. నీ సూదీ దారంతో తీయి చూద్దాం."

ఇద్దరం మోకాళ్ళ మీద పాకి సోఫా కిందంతా వెతికాం. దొరకలేదు. అన్నయ్య కేకేశాడు. మెత్తలు కేకని అప్పడంలా నమిలేశాయి. తలుపు మీద గుద్దాడు, దిండు మీద గుద్దినట్టుంది. గడియారంలో రెండుంబావు. ఊపిరి బరువెక్కింది, వీపుకి చొక్కా అతుక్కుంది. లేచి నిలబడితే కప్పు మెత్త తలకి తగులుతోంది. కుడితిలో పడ్డ ఎలకల్లా సోఫాకి చెరో చివర కూర్చున్నాం. ఈ గడబిడలో రికార్డు ఒక వైపు అయిపోయి, ముల్లు దానంతటదే లేచి మళ్ళీ మొదటికొచ్చింది.

అన్నయ్యకి కంగారు పుడితే పెదాల మధ్య గుండుసూది పెట్టుకునే అలవాటు. పెట్టుకోబోతూ అన్నాడు, "ఇక్కడైనా ఆపరా నాయనా."

"ఏమిటాపేది?"

"ఆ సుత్తి! పదకొండేళ్ళ నుంచీ ఇదే వరస. నేను పాట పెట్టడం, నువ్వు తాళాల మీద టకటకలాడించడం."

అంటూ నా వైపు తిరిగాడు. నా చేతులు రెండూ మోకాళ్ళ మీదున్నాయి. టకటక మాత్రం ఆగలేదు. ఆయన నా చేతుల వంక చూశాడు, స్పీకరు వంక చూశాడు, మళ్ళీ నా చేతుల వంక చూశాడు. నోరు మూసుకుని సూది బిగించాడు.

సరిగ్గా అప్పుడే పాట ఎత్తుకుంది. నేను పళ్ళు కొరుకుతూ, "నువ్వు మాత్రం ఇక్కడా పాడాలా?" అని ఆయన నోటి వంక చూశాను. పెదాలు కుట్టేసినట్టున్నాయి, మధ్యలో గుండుసూది. గుండుసూదితో ఎవడు పాడగలడు? ఇల్లాలు లేదు, పిల్లల్లేరు. గొంతులు మాత్రం మూడు, పక్కపక్కన నడుచుకుంటూ వస్తున్నాయి.

లేచాను. కుడి స్పీకరుకి చెవి ఆనించాను. గొంతులు. ఎడమదానికి ఆనించాను. నా డ్రమ్ము, నా బేసు. అన్నయ్య కూడా లేచి ఇలాగే చేశాడు. ఆ కాలపు రికార్డుల్లో కొన్నిట్లో గొంతులన్నీ ఒక పక్కకి, వాద్యాలన్నీ ఇంకో పక్కకి నెట్టేసేవారట. గొంతులు గోడకి అటు పడ్డాయి, వాద్యాలు ఇటు పడ్డాయి. ముసలాళ్ళం ఇద్దరం ఆ ఇరుకులో నువ్విటు రా, నేనటు పోతా అనుకుంటూ ఎన్నిసార్లు చోట్లు మారామో!

"వాళ్ళు పాడతార్రా!" అన్నాను, నాకు నేనే.

"వాళ్ళకి డ్రమ్ములున్నాయిరా!" అన్నాడు ఆయన. "అట్ట మీద నలుగురుంటే, ఈ నాలుగోవాడు సంచులు మోయడానికి కాబోలు అనుకున్నా."

"ఆ నాలుగోవాడితోనే అన్నయ్యా నేను పదకొండేళ్ళు కాపురం చేసింది."

"మరి పాడేది నేననుకున్నావా? బడిలో నేను ప్రార్థన ఎత్తుకుంటే మేష్టారు బెత్తం ఎత్తుకునేవారు కదరా!"

"అదే! ఇంత గొంతు అప్పుడెక్కడ దాచాడా అని. బాగుందని ఒప్పుకోలేక చచ్చాననుకో."

కాబట్టి మొదట్లో చెప్పిన కొలతని సగానికి చించేయండి. నేను విన్నది సగమే. బీటిల్స్ నోరు విప్పరని ఊరంతా చాటిన మహాపండితుణ్ణి నేను. ఆ మిగతా సగం ఆయన దగ్గరుంది. ఆయనా కాఫీ హోటల్లో, నేను లేని పూట, వాళ్ళకి వాద్యాలక్కర్లేదని చెప్పేవాడట. ఊరు మా ఇద్దరిమీదా బతికింది.

మూడున్నర దాటాక గాజు అవతల షాపావిడ, పెద్ద పెట్టెతో కొనేవాడు కనబడ్డారు. ఆవిడ బయటి హ్యాండిలు తిప్పుతోంది, అది ఊరికే తిరుగుతోంది. చేపల తొట్టిలో చేపల్లా ఇద్దరూ నోళ్ళు ఆడిస్తున్నారు. తొట్టిలో ఉన్నది మేమని తర్వాత తట్టింది. ఆవిడ టెలిఫోన్ ఎత్తింది. ఊళ్ళో తాళాలు తీసేవాడు ఒక్కడే కాబట్టి మా ఇంటికే చేసింది. మా ఆవిడ, "ఆయన మీ షాపులోనే ఉన్నారు కదండీ" అని పెట్టేసిందట.

నాలుగూ ఇరవై. కొనేవాడు ఊరుకోలేదు. కాగితం గాజుకి ఆనించి సంతకం చోటు వేలితో చూపించి, తలుపు కింద సందులోంచి లోపలికి తోశాడు. తలుపు తెరుచుకోకపోయినా బేరం లోపలికొచ్చేసింది. అన్నయ్య వంగి తీశాడు. ఆయన జేబులో పెన్ను ఉంది. వద్దు అనే ఒక్క మాట నోటిదాకా వచ్చి, గోడవతలకి అరిచిన ఆ పాత మాటకి గుద్దుకుని వెనక్కి పోతోంది.

"ఇంకొక్కసారి వినేసి పెడదాం అన్నయ్యా" అన్నాను.

ఇద్దరం నడిమధ్య, భుజాలు తగిలేలా కూర్చున్నాం. ఈసారి పాట మా ముందు నిలబడ్డట్టే ఉంది. మధ్యలో ఒకచోట ముల్లు గెంతింది. మళ్ళీ గెంతింది. అన్నయ్య వంగి బల్ల కాళ్ళు చూశాడు. ఒక కాలు పొట్టి. చేతిలో కాగితాన్ని నిలువుగా మడిచాడు, అడ్డంగా మడిచాడు, గోటితో గీరి ప్యాంటు మడత పెట్టినంత శ్రద్ధగా ఎనిమిది మడతలు చేసి, ఆ కాలు కింద దూర్చాడు. బల్ల కదలడం మానేసింది. గాజు అవతల కొనేవాడి నోరు కదలడం కూడా మానేసింది.

ఆ వైపు పూర్తయ్యే దాకా ఇద్దరం కదల్లేదు. అప్పుడన్నాను, "అన్నయ్యా, నీ జేబులో కత్తెర ఉందా?"

"కత్తెర లేకుండా నేనెప్పుడున్నాను? ఇంతసేపూ అడగవేం?"

"ఇప్పుడే గుర్తొచ్చింది."

కత్తెర మొన కమ్మీ కన్నంలో పెట్టి తిప్పితే తలుపు తెరుచుకుంది. కొనేవాడు మమ్మల్ని తిట్టిన తిట్లు వినడానికి రెండు చెవులూ చాలలేదు. రికార్డులన్నీ ఒకే రిక్షాలో వేసుకుని ఇంటికొచ్చాం. రాగానే మళ్ళీ కొట్టుకున్నాం, స్పీకర్లు రెండూ ఎవరింట్లో పెట్టాలని. నాది ఇరుకన్నాడు ఆయన, నీది ఉక్క అన్నాను నేను. చివరికి గోడకి రెండు తలలు పట్టేంత కిటికీ కొట్టించాం. ఆరింటికి ఆయన తల ఇటు, నా తల అటు పెడతాం. చూసేవాళ్ళకి ఏదో బోనులో ఇరుక్కున్నట్టే ఉంటుంది. పర్వాలేదు, ఆ గంటసేపూ పాట మాత్రం మొత్తం వినబడుతుంది.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే. హ్యాండిలు ఊడి పడలేదు. అన్నయ్య చెప్పులు విప్పుతుండగా జేబులోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసి నేనే విప్పాను. కొనేవాడి రైలు వెళ్ళిపోయేదాకా కూర్చోబెడదామనే నా ఎత్తు. సుత్తి సంగతీ, పాట సంగతీ నాకూ అప్పటిదాకా తెలీదు, అది మాత్రం ఒట్టు. మోకాళ్ళ మీద పాకి ఆయనతో పాటు నేనూ వెతుకుతున్నంతసేపూ ఆ హ్యాండిలు నా లోపలి జేబులో తొడకి గుచ్చుకుంటూనే ఉంది. షాపావిడకి మర్నాడే కొత్తది బిగించి వచ్చాను. పాతది ఇప్పుడు మా గోడ కిటికీ రెక్కకి ఉంది. ఎక్కడ కొన్నావురా, భలే బరువుగా ఉందే అని అన్నయ్య రోజూ దాన్ని పట్టుకు తిప్పుతుంటాడు.